సొంత మైదానంలో 1–9తో ఓడి, సీజన్ గెలిచిన జట్టు: న్యూకాసిల్ యునైటెడ్ 1908–09

ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో అప్పటి అన్నిటికన్నా పై లీగ్ ఫస్ట్ డివిజన్. దాని 1908–09 పట్టికలో మొదటి వరుస ఇది: న్యూకాసిల్ యునైటెడ్. ఆటలు 38, గెలుపులు 24, డ్రాలు 5, ఓటములు 9, కొట్టిన గోల్స్ 65, ఎదుటివాళ్లకు ఇచ్చినవి 41, పాయింట్లు 53. రెండో స్థానంలోని ఎవర్టన్‌కు 46. ఏడు పాయింట్ల తేడా. ఒక్క గెలుపుకు రెండే పాయింట్లు ఇచ్చే కాలంలో ఇది చాలా పెద్ద తేడా.

ఆ వరుసలో 41 దగ్గర కాసేపు ఆగాలి. సీజన్ మొత్తంలో ఇచ్చిన ఆ 41 గోల్స్‌లో 9 ఒకే ఆటలో పోయాయి. 1908 డిసెంబర్ 5న, సొంత మైదానం సెయింట్ జేమ్స్ పార్కులో, పక్క ఊరి సండర్లాండ్ చేతిలో న్యూకాసిల్ 1–9తో ఓడింది. అదే జట్టు నాలుగు నెలలకు ఛాంపియన్. ఇది ఎలా కుదిరిందో అంకెలతో చూస్తే పాయింట్ల పట్టిక లోపలి పనితీరంతా అర్థమవుతుంది. మన చంద్రపూర్ జిల్లాలోని బల్లార్పూర్, రాజురా, సాస్తి, ఘుగ్గుస్ కాలనీల్లో నాలుగైదు జట్లతో లీగ్ నడిపి, పట్టిక నోటు పుస్తకంలో రాసుకునేవాళ్లకు ఇది నేరుగా పనికొచ్చే లెక్క.

ముందు ఊళ్ల సంగతి. న్యూకాసిల్ టైన్ నది మీద, సండర్లాండ్ వేర్ నది మీద. మధ్య దూరం సుమారు 12 మైళ్లు, మన బల్లార్షా (బల్లార్పూర్) నుంచి చాందాకు (చంద్రపూర్‌కు) ఉన్నదానికన్నా కాస్త ఎక్కువ. రెండూ బొగ్గుబాయిల మీద, ఓడల తయారీ మీద బతికిన ఊళ్లు. శనివారం మధ్యాహ్నం దాకా పని, ఆ తర్వాత ఆట. బొగ్గు గనుల్లో రోజుకు ఎనిమిది గంటల పని చట్టం బ్రిటిష్ పార్లమెంటులో నెగ్గింది కూడా ఆ 1908లోనే. షిఫ్టు సైరన్‌తో రోజు నడిచే ఊళ్లలో పెరిగినవాళ్లకు ఆ స్టాండులో నిలబడ్డ జనాన్ని ఊహించుకోవడం కష్టం కాదు.

ప్రవేశ రుసుము ఆరు పెన్నీలు. అప్పట్లో రూపాయి మారకం 1 షిల్లింగ్ 4 పెన్నీలుగా, అంటే 16 పెన్నీలుగా స్థిరపడి ఉంది. రూపాయికి 16 అణాలు కాబట్టి ఒక పెన్నీ సరిగ్గా ఒక అణా. ఆట చూడ్డానికి ఆరణాలన్నమాట. (ఇది వార్ధా నదికి బల్లార్పూర్ వైపు లెక్క. అవతల రాజురా అప్పుడు నిజాం రాజ్యం, అక్కడ చెల్లేది నిజాం సొంత నాణెం హాలీ సిక్కా.) ఆటగాడి గరిష్ఠ జీతం 1901 నుంచి వారానికి 4 పౌండ్లు, అంటే 60 రూపాయలు. ఎంత గొప్ప ఆటగాడైనా అంతకు మించి ఇవ్వకూడదు. జట్లు మారేటప్పుడు ఒక క్లబ్బు ఇంకో క్లబ్బుకు కట్టే సొమ్ముకు మాత్రం ఈ హద్దు లేదు. ఆ నవంబర్‌లోనే న్యూకాసిల్ ఆల్బర్ట్ షెపర్డ్ అనే సెంటర్ ఫార్వర్డ్‌ను బోల్టన్ నుంచి 850 పౌండ్లకు తెచ్చుకుంది. వారానికి 4 పౌండ్ల చొప్పున చూస్తే నాలుగేళ్లకు పైబడిన జీతం. ఆ డబ్బు వెళ్లింది పాత క్లబ్బుకు, ఆటగాడికి కాదు. ఆటగాళ్ల సంఘం 1907లో పుట్టడానికి ఈ అన్యాయమే పెద్ద కారణం. న్యూకాసిల్ హాఫ్‌బ్యాక్ (మధ్య వరుస ఆటగాడు) కోలిన్ వీచ్ ఆ సంఘంలో ముఖ్యుడు.

ఇక ఆ రోజు ఆట. సగం సమయానికి 1–1. సండర్లాండ్ తరఫున బిల్లీ హాగ్ ముందు కొట్టాడు. విరామానికి కాస్త ముందు పెనాల్టీతో షెపర్డ్ సమం చేశాడు. రెండో సగంలో సండర్లాండ్ ఎనిమిది గోల్స్ కొట్టింది, అవీ అరగంట లోపే. హాగ్‌కు మొత్తం మూడు, జార్జ్ హోలీకి మూడు, ఆర్థర్ బ్రిడ్జెట్‌కు రెండు, జాకీ మోర్డ్యూకు ఒకటి. 1–1 నుంచి 1–9 అవ్వడమంటే ఒక జట్టు గొప్పగా ఆడిందన్నంత మాత్రమే కాదు, రెండో జట్టు విరిగిపోయింది. ఆ కాలపు ఆటలో అలా విరగడానికి దారులు చాలా ఉండేవి.

మొదటిది, బదులు ఆటగాడు లేకపోవడం. ఇంగ్లిష్ లీగ్‌లో సబ్‌స్టిట్యూట్‌ను అనుమతించింది 1965లో. అప్పటిదాకా ఎవరికి కాలు బెణికినా మిగిలిన పదిమందే ఆడాలి, లేదా కుంటుతున్నవాణ్ని వింగ్‌లోకి పంపి అక్కడ నిలబెట్టాలి. రెండోది విరామం. నిబంధన ప్రకారం అయిదే నిమిషాలు. కోచ్ కూర్చోబెట్టి పద్ధతి మార్చే వీలు లేదు. అసలు ఇప్పటి అర్థంలో కోచే లేడు. న్యూకాసిల్‌లో ఫ్రాంక్ వాట్ క్లబ్బు కార్యదర్శి, జట్టును ఎంపిక చేసేది డైరెక్టర్ల కమిటీ. మైదానంలో ఏం చేయాలన్నా కెప్టెన్, సీనియర్ ఆటగాళ్లే నిర్ణయించుకోవాలి. మూడోది వెలుతురు. డిసెంబర్ మొదటి వారంలో న్యూకాసిల్‌లో పొద్దుగూకేది మధ్యాహ్నం 3:40 ప్రాంతంలో. మనకు చంద్రపూర్‌లో అదే వారంలో 5:30 అవుతుంది. ఫ్లడ్‌లైట్లు లేవు కాబట్టి చలికాలపు రెండో సగం ఎప్పుడూ మసక వెలుతురులోనే ముగిసేది.

నాలుగోది బంతి. అప్పటి నియమం ప్రకారం ఆట మొదట్లో దాని బరువు 13 నుంచి 15 ఔన్సులు, అంటే దాదాపు 370 నుంచి 425 గ్రాములు. ఇప్పటి బంతికి 410 నుంచి 450. కాబట్టి పొడిగా ఉన్నప్పుడు పాత బంతే తేలిక. చిక్కంతా తోలుతో వచ్చింది. పైన నీళ్లు ఆపే పూత లేదు, కుట్ల సందుల్లోంచి తడి దిగేది, బురద అంటుకునేది, ఆట సాగేకొద్దీ బరువెక్కేది. లోపలి రబ్బరు బ్లాడర్‌కు గాలి పట్టాక మూతిని తోలు తాడుతో బిగించి కట్టేవారు. ఆ తాడు ఉబ్బు నుదుటికి తగిలితే చీరుకుపోయేది. అలిసిపోయిన డిఫెండర్ తడిసిన బంతిని దూరంగా తన్నలేడు. అది సగం దూరంలో పడి మళ్లీ ఎదుటివాళ్లకే దొరుకుతుంది. ఒకసారి ఈ వరుస మొదలైతే గోల్ మీద గోల్ పడుతూనే ఉంటుంది.

ఇప్పుడు లెక్కకు వద్దాం. ఆ 1–9 వల్ల న్యూకాసిల్ పోగొట్టుకున్నది రెండు పాయింట్లు. 0–1తో ఓడినా పోయేవి ఆ రెండే. ఆ సీజన్‌లోని తొమ్మిది ఓటములూ 1–9 ఓటములే అయినా జట్టు పాయింట్లు 53 దగ్గరే ఉండేవి: 24 గెలుపులకు 48, అయిదు డ్రాలకు 5. లీగ్ పట్టికకు ఆట ఎవరు గెలిచారన్నదే ముఖ్యం, ఎంతతో గెలిచారన్నది కాదు. ఎంతతో అన్నది ఇద్దరి పాయింట్లు సమానమైనప్పుడే బయటికొస్తుంది.

ఆ ఒక్క ఆటను తీసేసి చూడండి. 37 ఆటల్లో న్యూకాసిల్ కొట్టినవి 64, ఇచ్చినవి 32. సరిగ్గా రెండింతలు. ఆటకు 0.86 గోల్స్ మాత్రమే ఇచ్చిన జట్టది. ఆ ఆటను కలిపితే 65కు 41, ఆటకు 1.08. అంటే గోల్‌కీపర్ జిమ్మీ లారెన్స్, అతని ముందున్న బ్యాక్‌లు సీజనంతా గట్టిగానే నిలబడ్డారు, ఒక్క మధ్యాహ్నం తప్ప. సగటు మాత్రమే చూసేవాడికి ఈ సంగతి కనబడదు. అందుకే సీజన్ గురించి రాసేటప్పుడు మొత్తం గోల్స్‌తోపాటు అతి పెద్ద ఓటమిని తీసేసిన లెక్క కూడా పక్కన రాసుకోవడం మంచి అలవాటు.

అదే ఆటను సండర్లాండ్ వైపు నుంచి చూస్తే వాళ్లకు వచ్చినవీ రెండు పాయింట్లే. మొత్తం 78 గోల్స్‌లో తొమ్మిది ఒక్కరోజులో కొట్టి, 44 పాయింట్లతో మూడో స్థానంలో ఆగిపోయారు. లీగ్‌తో సంబంధం లేని, ఓడితే బయటికి పోయే కప్ పోటీలో అదే సీజన్‌లో ఈ రెండు జట్లూ మళ్లీ ఎదురుపడ్డాయి. సెయింట్ జేమ్స్ పార్కులో 2–2, తిరిగి ఆడినప్పుడు సండర్లాండ్ సొంత మైదానం రోకర్ పార్కులో న్యూకాసిల్ 3–0తో గెలిచింది. డిసెంబర్ నాటి దెబ్బకు ఇంతకన్నా తగిన బదులు ఉండదు. ఆ తర్వాత సెమీఫైనల్లో మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో 0–1తో కప్ పోయింది.

పట్టికలో పైభాగం ఇలా తేలిగ్గా తేలింది. కింది భాగంలోనే అసలు ఉత్కంఠ. అప్పుడు పాయింట్లు సమానమైతే చూసేది గోల్ సగటు. కొట్టిన గోల్స్‌ను ఇచ్చిన గోల్స్‌తో భాగించాలి, తీసివేయకూడదు. 20 జట్లలో చివరి రెండూ కింది డివిజన్‌కు దిగిపోవాలి. లెస్టర్ ఫాస్ 25 పాయింట్లతో అందరికన్నా కింద. దిగిపోయే రెండో జట్టు ఏదో తేలాల్సింది 34 పాయింట్లతో ఉన్న రెండు జట్ల మధ్య:

బ్రాడ్‌ఫర్డ్ సిటీ: 12 గెలుపులు, 10 డ్రాలు, 16 ఓటములు, గోల్స్ 47–47. సగటు 1.000.
మాంచెస్టర్ సిటీ: 15 గెలుపులు, 4 డ్రాలు, 19 ఓటములు, గోల్స్ 67–69. సగటు 0.971.

మాంచెస్టర్ సిటీ దిగిపోయింది. బ్రాడ్‌ఫర్డ్ కన్నా ఇరవై గోల్స్ ఎక్కువ కొట్టిన జట్టు, మూడు ఆటలు ఎక్కువ గెలిచిన జట్టు దిగిపోయింది. ఎక్కడో ఓడిన ఆటల్లోనే మూడు గోల్స్ తక్కువ ఇచ్చి ఉంటే 67ను 66తో భాగిస్తే 1.015 వచ్చేది, నిలబడేవాళ్లు. 0–4తో వెనకబడ్డాక ఇక ఆట పోయిందని కాళ్లు వదిలేసే జట్లకు చూపించాల్సిన లెక్క ఇది. న్యూకాసిల్‌కు తొమ్మిది గోల్స్ ఏ హానీ చేయలేదు, ఎందుకంటే వాళ్లకు సమానంగా ఎవరూ రాలేదు. మాంచెస్టర్ సిటీకి మూడు గోల్స్ డివిజన్‌నే పోగొట్టాయి.

ఇప్పటి పద్ధతిలో గెలుపుకు మూడు పాయింట్లు వేస్తే ఏమవుతుందో కూడా చూడాలి. ఇంగ్లండ్‌లో ఇది 1981–82 సీజన్ నుంచి వచ్చింది. న్యూకాసిల్‌కు 77, ఛాంపియన్ మారదు. సండర్లాండ్‌కు 21 గెలుపులు, 2 డ్రాలు: 65. ఎవర్టన్‌కు 18 గెలుపులు, 10 డ్రాలు: 64. రెండో స్థానం సండర్లాండ్‌ది అవుతుంది. కింద మాంచెస్టర్ సిటీకి 49, బ్రాడ్‌ఫర్డ్‌కు 46. దిగిపోయేది బ్రాడ్‌ఫర్డ్. డ్రాలు ఎక్కువ చేసే జట్టును రెండు పాయింట్ల పద్ధతి కాపాడుతుంది, మూడు పాయింట్ల పద్ధతి శిక్షిస్తుంది. లీగ్ మొదలుపెట్టే ముందే ఏ పద్ధతో రాసి అందరి సంతకాలు తీసుకోవాలని చెప్పేది ఇందుకే. చివరి వారంలో తేల్చుకుందామంటే గొడవలు తప్పవు.

గోల్ సగటులో ఇంకో గుణం ఉంది. అది తక్కువ ఇచ్చిన జట్టు వైపు మొగ్గుతుంది. 20–10 ఉన్న జట్టుకు సగటు 2.0, 40–25 ఉన్న జట్టుకు 1.6. కొట్టినవాటిలోంచి ఇచ్చినవి తీసివేసే తేడా పద్ధతిలో మొదటిదానికి +10, రెండోదానికి +15, ఫలితం తలకిందులు. 1923–24లో హడర్స్‌ఫీల్డ్ 60–33తో, కార్డిఫ్ 61–34తో పాయింట్లలో సమానంగా నిలిచాయి. రెంటికీ తేడా +27. సగటు 1.818, 1.794. టైటిల్ హడర్స్‌ఫీల్డ్‌కు వెళ్లింది. ఇంగ్లిష్ లీగ్ 1976–77లో సగటును వదిలి తేడాకు మారింది. ఈ రచయిత అభిప్రాయంలో అది సరైన మార్పే. చిన్న లీగ్‌కైతే సగటు అసలు పనికిరాదు, ఎందుకంటే నాలుగు జట్లు ఒక్కోసారి తలపడితే ఒక జట్టు ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా ముగించడం మామూలే. సున్నాతో భాగించలేరు.

గోల్స్ ఎందుకు అంత తక్కువ, ఒక్కోసారి ఎందుకు అంత ఎక్కువ అన్నదానికి ఆఫ్‌సైడ్ నియమం చూడాలి. బంతి ముందుకు వెళ్లే క్షణాన ఫార్వర్డ్‌కు, గోల్ గీతకు మధ్య కనీసం ముగ్గురు ప్రత్యర్థులు ఉండాలి, గోల్‌కీపర్‌తో కలిపి. ఇప్పుడు ఇద్దరు చాలు. జట్లు ఆడేది ఇద్దరు బ్యాక్‌లు, ముగ్గురు హాఫ్‌బ్యాక్‌లు, అయిదుగురు ఫార్వర్డ్‌లతో. ఒక బ్యాక్ వెనక ఉండి, ఇంకొకడు సరైన క్షణంలో నాలుగడుగులు ముందుకు జరిగితే చాలు, ఎదుటి ఫార్వర్డ్ చిక్కిపోతాడు. 1907లో ఇంకో మార్పు వచ్చింది, సొంత సగంలో ఉన్నవాడికి ఆఫ్‌సైడ్ లేదని. దాంతో బ్యాక్‌లకు మధ్య గీతే హద్దు అయింది. న్యూకాసిల్ బ్యాక్ బిల్ మెక్రాకెన్ ఈ ఉచ్చు బిగించడంలో అందరికన్నా పేరు మోసినవాడు. చివరికి 1925లో ముగ్గురిని ఇద్దరు చేశారు. ఫస్ట్ డివిజన్ గోల్స్ ఒక్క సీజన్‌లో 1,192 నుంచి 1,703కు పెరిగాయి.

ఉచ్చుకు ఒక బలహీనత ఉంది. ముందుకు జరిగిన బ్యాక్ ఒక్క అడుగు ఆలస్యమైతే వెనక మిగిలేది ఒక బ్యాక్, గోల్‌కీపర్ మాత్రమే. 1912 దాకా గోల్‌కీపర్ తన సగం మైదానంలో ఎక్కడైనా బంతిని చేత్తో పట్టవచ్చు. అందుకని ముందుకు వచ్చేసేవాడు. అతన్ని దాటితే ఖాళీ గోల్. అందుకే ఆ రోజుల స్కోర్లు చాలాభాగం 1–0, 2–1గా సాగుతూ ఒక్కసారిగా పేలేవి. అదే సీజన్ చివర్లో, 1909 ఏప్రిల్ 21న, నాటింగమ్ ఫారెస్ట్ 12–0తో లెస్టర్ ఫాస్‌ను ఓడించింది. లీగ్ విచారణ వేసింది. ముందురోజు పాత సహచరుడి పెళ్లి విందులో లెస్టర్ ఆటగాళ్లు పాల్గొన్నారని తేలింది. ఆ 12 గోల్స్‌కూ ఫారెస్ట్‌కు వచ్చినవి రెండే పాయింట్లు.

పాత సీజన్‌ను మొదటినుంచీ మళ్లీ రాయాలనుకునేవాళ్లు జారిపడే చోట్లు కొన్ని. పేర్లు ముందు. లెస్టర్ ఫాస్ 1919 తర్వాతి లెస్టర్ సిటీ. ‘ద వెన్స్‌డే’ తర్వాతి షెఫీల్డ్ వెన్స్‌డే. వూలిచ్ ఆర్సెనల్ అప్పటికింకా థేమ్స్‌కు దక్షిణాన ఉంది, హైబరీకి వచ్చింది 1913లో. ఆ డివిజన్‌లో ‘సిటీ’లే మూడు, బ్రిస్టల్, బ్రాడ్‌ఫర్డ్, మాంచెస్టర్. ఒట్టి సిటీ అని రాసుకుంటే నెలకే గందరగోళం. గోల్ కొట్టినవాడి పేరు ఇంకా కష్టం. చొక్కాల మీద అంకెలు 1939లో గానీ రాలేదు. బురదలో, మసకలో, గోల్ ముందు తోపులాటలో ఎవరి కాలు తగిలిందో ఒక పత్రిక ఒకలా, ఇంకోటి ఇంకోలా రాస్తాయి. రెండు పేర్లూ రాసుకుని పక్కన గుర్తు పెట్టడమే మార్గం, ఒకటి ఎంచుకుని రెండోది చెరిపేయకూడదు. జట్ల వరుస మాత్రం నమ్మదగ్గది: గోల్‌కీపర్, కుడి బ్యాక్, ఎడమ బ్యాక్, ముగ్గురు హాఫ్‌లు, ఆపైన అయిదుగురు ఫార్వర్డ్‌లు కుడినుంచి ఎడమకు. పత్రికలో వరుసను బట్టే స్థానం తెలుస్తుంది.

అంకెలు సరిచూసే పద్ధతి మన కాలనీ లీగ్‌కూ అదే. 20 జట్లు ఒకరితో ఒకరు రెండుసార్లు ఆడితే 380 ఆటలు. రెండు పాయింట్ల పద్ధతిలో పట్టిక మొత్తం పాయింట్లు 760 రావాలి, ఎవరు గెలిచినా సరే. గెలుపుల మొత్తం, ఓటముల మొత్తం సమానం. డ్రాల మొత్తం సరి సంఖ్య. కొట్టిన గోల్స్ మొత్తం, ఇచ్చిన గోల్స్ మొత్తం ఒకటే. ఆరు జట్లు ఒక్కోసారి ఆడితే 15 ఆటలు, 30 పాయింట్లు. మూడు పాయింట్ల పద్ధతిలో మొత్తం స్థిరంగా ఉండదు: ఆటల సంఖ్యను మూడుతో గుణించి, డ్రా అయిన ఆటల సంఖ్య తీసివేయాలి. 15 ఆటల్లో నాలుగు డ్రా అయితే 41. ఈ కూడికలు ప్రతి ఆదివారం చేస్తే తప్పు ఆ వారంలోనే దొరుకుతుంది. చివర్లో చేస్తే ఏ ఆటలో తప్పిందో వెతకడానికే రెండు రోజులు పడుతుంది.

జట్టు రాకపోతే ఇచ్చే 3–0 గెలుపును వేరే సిరాతో రాయండి. రెండు జట్లు గోల్స్ తేడా దగ్గర ఆగినప్పుడు ఆ మూడు గోల్స్ ఆడి కొట్టినవా, రాసి ఇచ్చినవా అని మొదటి ప్రశ్న వస్తుంది. జవాబు పుస్తకంలోనే కనబడాలి.